పంటు మీద అమ్మాయి

ఆ సినిమా చూడాలన్న సరదా మాలో ఎవరికీ లేదు. భారతి తమ్ముడి కూతురు హాసిని దానికి బట్టల పని చూసింది గనక, చూడకపోతే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని కూర్చున్నాం. ముక్తేశ్వరంలో భారతి వాళ్లిల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండ పడకుండా తెరలన్నీ లాగేసి, టీవీకి ఎదురుగా సోఫాలో భారతి, విజయ, నేను. నేలమీద కాళ్లు చాపుకుని హాసిని. మేం ముగ్గురం అమలాపురంలో కలిసి చదువుకున్నవాళ్లం. ఇప్పుడు అందరికీ యాభై దాటింది. ఒకరికి మోకాళ్లు, ఒకరికి సుగరు, నాకు కళ్లు. పొద్దున పనసాకు దొన్నెల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు మిగిలితే ముక్కలు చేసి నూనెలో వేయించి తెచ్చింది భారతి. వద్దు వద్దంటూనే తింటున్నాం.

చిన్న సినిమా అది. పేరున్న నటులెవరూ లేరు. ఎవరో కుర్రాళ్లు తలా కాస్త వేసుకుని మన కోనసీమలోనే తిరిగి తీశారు. మైకు కట్టిన ఆటోలో ఊరూరా ప్రకటనలు చెప్పుకుంటూ తిరిగే ఒక కుర్రాడు. మైకు చేతిలో ఉంటే గలగలా మాట్లాడతాడు, అది లేకపోతే నోరు పెగలదు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయిని ప్రేమిస్తాడు. చెప్పుకోవలసిందంతా మైకులోనే చెప్పుకోవాలి గనక, తప్పిపోయిన గేదె కబురూ, గుళ్లో అన్నదానం కబురూ చెబుతూ మధ్యలో ఆ అమ్మాయికి తన మాట ఒకటి ఇరికిస్తుంటాడు. ఊరంతా వింటుంది, ఆ అమ్మాయికి మాత్రం అర్థం కాదు. చూస్తుంటే నవ్వొచ్చేది, ఆ నవ్వు పూర్తి కాకముందే వాడి మీద జాలేసేది. చెప్పొద్దూ, కాసేపటికి ముగ్గురం అందులో పడిపోయాం.

సగం అయ్యాక ఆ ఆటో పంటు ఎక్కుతుంది. అంతర్వేది దగ్గర మనుషుల్నీ బళ్లనీ ఎక్కించుకుని వశిష్ఠ పాయను దాటించే పంటు. అవతలి ఒడ్డున ఆ అమ్మాయి నిలబడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మైకు మూగబోతుంది. కుర్రాడు దాన్ని కొడతాడు, ఊదుతాడు, దణ్ణం పెడతాడు. పంటు మీద జనం నవ్వుతుంటారు. మేమూ నవ్వుతున్నాం. ఆ జనంలో, కమ్మీ పక్కన, ఒక అమ్మాయి. కుడిచేతిని వీపు వెనకనుంచి పోనిచ్చి ఎడమ మోచేయి పట్టుకుని నిలబడింది. నవ్వు పైకి రాకుండా కింది పెదవిని పళ్లకింద నొక్కిపెట్టింది. అందరూ కుర్రాడి వంక చూస్తుంటే ఆ పిల్ల మాత్రం తల తిప్పి నేరుగా మా వంక చూసింది. అంతే, బొమ్మ మారిపోయింది.

నా నవ్వు ఎప్పుడాగిందో తెలియదు. పక్కన భారతి నవ్వు కూడా ఆగిపోయింది. విజయ నోటిదాకా తీసుకెళ్లిన ముక్క అలాగే చేతిలో ఉండిపోయింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే అది నిజమైపోతుందన్నట్టు టీవీ వంకే చూస్తూ కూర్చున్నాం. కుర్రాడి ఆటో ఒడ్డెక్కింది, మైకు మళ్లీ పలికింది, హాసిని ఒక్కతే పకపకా నవ్వుతోంది.

"ఏంటత్తా, బాలేదా?" అంది మా వంక తిరిగి.

"బావుంది తల్లీ," అంది భారతి. ఆ వెంటనే, "కొంచెం వెనక్కి పోనీ. ఆ పంటు ఎక్కిన దగ్గరికి," అంది.

హాసిని వెనక్కి తిప్పింది. మళ్లీ నవ్వులు, మళ్లీ కమ్మీ, మళ్లీ ఆ తల తిరగడం. "అక్కడ ఆపు," అన్నాను నేను. ఆపింది. ఎందుకని భారతీ అడగలేదు, విజయా అడగలేదు. కాసేపటికి విజయ చాలా మెల్లగా, గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, "శాంత," అంది.

శాంత పోయి ముప్పై ఏళ్లు కావస్తోంది. మేం ముసలివాళ్లమవుతున్నాం. ఆ పిల్ల మాత్రం మేం చివరిసారి చూసిన వయసులోనే ఉంది.

మా పెద్దమ్మ సుగుణమ్మగారి ఇల్లు చెప్పకుండా శాంత సంగతి చెప్పలేను. ఆవిడ మా అమ్మకు అక్క, నర్సుగా చేసి మానుకున్న మనిషి, పెళ్లి చేసుకోలేదు. అమలాపురంలో ఆవిడ ఇంట్లోనే నేను చదువుకున్నాను. నాతోపాటు ముందుగదిలో భారతి, విజయ, శాంత ఉండేవారు. ఆ ఇల్లు గుర్తొస్తే ముందు ముక్కుకే గుర్తొస్తుంది. గుమ్మంలో ఫినాయిలు, లోపలికొస్తే అయొడిన్, ఇంకా లోపలికొస్తే కొబ్బరినూనె, వంటింటి అటకమీద శాంత వాళ్లమ్మ పంపిన డబ్బాలో ఎండురొయ్యలు. ఆ డబ్బా మూత తీస్తే భారతి ముక్కు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేది. మొదటి ఏడు అలా పరిగెత్తింది, రెండో ఏడు తనే వెళ్లి మూత తీసేది. పెద్దమ్మ తెల్లవారకముందే లేచి, తలకు గుడ్డ కట్టుకుని, బైబిలు చదువుకుని, ఆ గుడ్డ తీయకుండానే వచ్చి మమ్మల్ని లేపేది. గోళ్లు చూసేది. శనివారం సాయంత్రం మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి తలలకు నూనె పెడుతూ, ఎవరి తల వాసన చూసినా ఆ పూట వాళ్లెక్కడ తిరిగొచ్చారో చెప్పేసేది. శాంత తల దగ్గరికొచ్చేసరికి, "నీ తలలో ఉప్పు పోదే," అనేది. శాంతది కాట్రేనికోన దాటి సముద్రం ఒడ్డున చిన్న పల్లె. వాళ్ల నాన్న వేటకి వెళ్లేవాడు. ఆ పల్లెలో కాలేజీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల ఆమే.

సినిమా అన్న మాట ఆ ఇంట్లో పైకి అనడానికి వీల్లేదు. పెద్దమ్మ దాన్ని 'ఆ హాలు' అనేది. ఆ హాలుకీ మా ఇంటికీ మధ్య కొబ్బరితోట అడ్డంగా ఉండేది. సాయంత్రం ఆట మొదలుపెట్టాక డాబా మీదికి వెళ్తే, గాలి ఇటు వీచిన రోజు, మాటలన్నీ వినబడేవి. బొమ్మ లేదు, మాటలే. మేం నలుగురం చదువుకునే వంకన పుస్తకాలు పట్టుకుని పైకెళ్లి పిట్టగోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. శాంత లేచి నిలబడి, వీపు వెనక మోచేయి పట్టుకుని, అక్కడేం జరుగుతోందో చెప్పేది. "ఇప్పుడు ఆమె తలుపు తీసింది. అతను తడిసిపోయి ఉన్నాడు. ఆమెకి నవ్వొస్తోంది, కానీ నవ్వట్లేదు." ఏ సినిమా చూసి చెప్పేది కాదు. వినబడిన మాటలకు తనే బొమ్మలు కట్టేది. తర్వాత తర్వాత నేను ఆ సినిమాలు కొన్ని చూశాను. శాంత చెప్పినవే బావున్నాయి.

సాయంత్రం ప్రార్థనకు ముందు పెద్దమ్మ మా పేర్లు పిలిచేది. ఆసుపత్రిలో వార్డు తిరిగిన అలవాటు. కళ్లు మూసుకునే, మోకాళ్ల మీద ఉండే, "సలోమీ, భారతీ, విజయా, శాంతా," అని ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కొక్కరం "ఆయ్" అన్నాకే మొదలుపెట్టేది. భారతి, శాంత మా మతంవాళ్లు కాకపోయినా ఆ పిలుపుకు పలకవలసిందే. "ప్రార్థన మీ ఇష్టం. ఇంటికొచ్చేరో లేదో నాకు తెలియాలి కదా," అనేది.

దీపావళికని శాంత నాలుగు రోజుల ముందే ఇంటికెళ్లింది. తమ్ముడికి పలక బలపాలు కొనుక్కుని, భారతి పచ్చ ఓణీ ఒకటి అడిగి కట్టుకుని వెళ్లింది. ఆ మర్నాడే తుఫాను పట్టుకుంది. ఆ గాలి చప్పుడు ఎలా ఉందంటే, ఇల్లంత పెద్ద జంతువేదో గోడకు ఒళ్లు రాసుకుంటూ చుట్టూ తిరుగుతున్నట్టుంది. తెల్లారి తలుపు తీస్తే ఎదుటి తోటలో నిలబడిన చెట్టు ఒక్కటీ కనిపించలేదు. ఆ హాలు మాత్రం కనిపించింది, అన్నాళ్లూ చెట్ల వెనక ఉన్నది. రేకులు లేచిపోయి, లోపలి తెర చిరిగి వేలాడుతూ. అదే మేం దాన్ని మొదటిసారి చూడటం.

దారులు తెరిచాక పెద్దమ్మ నర్సులతో కలిసి తీరానికి వెళ్లింది. తిరిగొచ్చి నూతి దగ్గర చాలాసేపు కాళ్లు కడుక్కుంది. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. "ఆ ఇల్లు లేదు," అంది తల ఎత్తకుండా. "ఇల్లున్న చోటు కూడా లేదు. ఆ ఇంటివాళ్లెవరూ మిగల్లేదని చెప్పేరు." అంతకుమించి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం కరెంటు లేదు. లాంతరు పెట్టుకుని మోకరించాం. పెద్దమ్మ కళ్లు మూసుకుని అలవాటు ప్రకారం పిలిచింది. సలోమీ. ఆయ్. భారతీ. ఆయ్. విజయా. ఆయ్. ఆగకుండా, అలవాటులోనే, శాంతా అనేసింది. అనేశాక ఆవిడకే తెలిసింది. అప్పుడు చాలా చిన్నగా, లాంతరు పక్కనుంచి, "ఆయ్" అని వినబడింది. పెద్దమ్మ ఇంకేమీ అనకుండా ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ బతికినన్నాళ్లూ మళ్లీ పేర్లు పిలవలేదు.

పెద్దమ్మ బాధ చూడలేక భారతి పలికిందని నేననుకున్నాను. మంచిపని చేసిందనుకున్నాను. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తామని.

ఆ మధ్యాహ్నం, తెరమీద ఆగిపోయిన బొమ్మ ముందు, విజయే ఎత్తింది. "ఆ రోజు లాంతరు దగ్గర నువ్వు భలే పలికేవే సలోమీ. నాకైతే ధైర్యం చాలలేదు," అంది.

"నేనా? నేను పలకలేదు. భారతి కదా?"

భారతి మా ఇద్దరి వంకా చూసింది. "నేను విజయ అనుకున్నానే, ఇన్నాళ్లూ," అంది.

హాసిని మా మాటలేమీ అర్థం కాక లేచి వెళ్లి కిటికీ తెర ఒకటి పక్కకు లాగింది. ఎండ టీవీ మీద పడి బొమ్మ వెలిసినట్టయింది. అయినా ఆ కళ్లు మా వంకే ఉన్నాయి.

శాంత ఫోటో మా ముగ్గురిలో ఎవరి దగ్గరా సరైనది లేదు. నలుగురం స్టూడియోలో తీయించుకున్నది ఒకటుంది గానీ, సరిగ్గా ఆ క్షణానికి శాంత నవ్వాపుకోలేక తల తిప్పేసింది. మేం ముగ్గురం స్పష్టంగా ఉంటాం, నాలుగో మెడమీద తెల్లటి పొగలాంటిది ఉంటుంది. అంచేత ఆ మొహం ఇన్నేళ్లూ మా ముగ్గురి బుర్రల్లోనే ఉంది. నేను మరిచిపోయాననే అనుకుంటూ వచ్చాను. హాసిని ఫోనులో ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూపించింది. పెద్దది చేసినకొద్దీ మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. అప్పట్లో డాబా మీద మాటలు విని బొమ్మ కట్టుకునేవాళ్లం. ఇప్పుడు బొమ్మను ఆపగలం, వెనక్కి తిప్పగలం, దగ్గరికి లాక్కోగలం. లాక్కునేసరికి అందులో మనిషుండదు.

"ఈ అమ్మాయెవరే?" అని అడిగింది భారతి.

"తెలీదత్తా. ఆ రోజు పంటు మీద మా వాళ్లు నలుగురే. మిగతావాళ్లంతా మామూలుగా ఏరు దాటేవాళ్లే. కెమెరా వంక చూడొద్దని అందరికీ చెప్పేం కూడాను," అంది హాసిని. అయినా హాసిని వదిలిపెట్టలేదు. రేవులో వాళ్లకు తెలిసిన టీ కొట్టతనికి ఆ బొమ్మ పంపింది. సాయంత్రానికి జవాబొచ్చింది. వలలు బాగుచేసే సత్తిబాబు కూతురు, దుర్గ, పద్దెనిమిదేళ్లు. అంతర్వేది దగ్గరే ఇల్లు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. వెళ్లి ఏం చేయాలో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. పోలికలుంటాయి, లోకంలో మనిషిని పోలిన మనుషులుంటారు, అని దారి పొడుగునా విజయ అంటూనే ఉంది. రాజోలు దాటాక అదీ మానేసింది. ఏటి గాలి కారులోకి వచ్చింది. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. కొబ్బరాకులు కదలడం లేదు.

ఇల్లు ఏటి ఒడ్డునే, రేకుల కప్పు, ముందు చిన్న అరుగు. ఆ పిల్ల వాకిట్లో బిందె కడుగుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, చేతులు తుడుచుకుని, కుడిచేతిని వెనక్కి పోనిచ్చి ఎడమ మోచేయి పట్టుకుంది. భారతి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఎవరు కావాలండి?" అంది. గొంతు వేరు. గొంతు శాంతది కాదు. దానికి నాకు ప్రాణం లేచొచ్చింది, దుఃఖం కూడా వచ్చింది.

సినిమాలో నిన్ను చూసి వచ్చామమ్మా అంటే సిగ్గుపడింది. "చూడొద్దన్నారండి. నేనే చూసేసేను," అంది.

"ఎందుకు చూశావు?" అని అడిగాను.

"వెనకనించి ఎవరో ఆడోళ్లు పిలిచినట్టయిందండి. ముగ్గురో నలుగురో. తీరా తిరిగితే కెమెరాయే ఉందండి." అని నవ్వబోయి పెదవి నొక్కిపెట్టుకుంది. "నాన్నా, ఎవరో వచ్చేరు," అంటూ లోపలికి వెళ్లింది.

సత్తిబాబు వల చంకన పెట్టుకుని వచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, తను ముక్కాలిపీట లాక్కుని, ఇంటికి వీపు పెట్టి ఏటి వంక తిరిగి కూర్చున్నాడు. టీ పెట్టమని లోపలికి కేకేశాడు. మాటల్లో భారతి అడిగింది, మీది ఈ ఊరేనా అని.

"కాదండి. కాట్రేనికోన అవతలండి మాది. తుఫానుకి అందరూ పోయేరండి. మా పిన్ని ఇక్కడికి తెచ్చి పెంచింది, దుర్గ పుట్టకముందే ఆవిడా పోయిందండి. మా వాళ్లెవరూ మిగల్లేదనే అక్కడ రాసుకున్నారంటండి, నన్ను కూడా కలిపి."

"మీ అక్క పేరు శాంతా బాబూ?" అన్నాను.

అతని చేతుల్లో వల ఆగింది. "ఆ పేరు అనేవాళ్లు ఎవరూ లేరండి," అన్నాడు. "మీరు మా అక్కతో చదూకున్న అమ్మగార్లా అండి?"

మేం ముగ్గురం ఏడుస్తున్నాం. అతను ఏడవలేదు. ఏటి వంక చూస్తూ చెప్పాడు. "నాకప్పుడు ఏడేళ్లండి. నీళ్లొచ్చేసేయి. అక్క నన్ను తాడిచెట్టుకి ఓణీతో కట్టేసింది. కళ్లు మూసుకోరా, నేను చెప్పేదాకా తెరవకు అందండి. మూసుకున్నాను. తెల్లారేక ఎవరో వచ్చి కట్లిప్పేరంట. అక్క ఇంకా చెప్పలేదు కదా, నేను తెరవనని ఏడిచేనంటండి."

భారతి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఓణీ ఏ రంగని ఆమె అడగలేదు. అతనే, "పచ్చ ఓణీ అండి," అన్నాడు. శాంత ఎక్కడ పోయింది, ఎలా పోయింది అని ఇన్నేళ్లూ రకరకాలుగా ఊహించుకున్నాం. ఒక తాడిచెట్టు మొదట్లో, తమ్ముణ్ణి బిగించి కట్టి, ముడి సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్న శాంతను ఎవరమూ ఊహించలేకపోయాం.

"ఓణీ గుర్తుందండి, గొంతు గుర్తుందండి," అన్నాడు సత్తిబాబు. "మొహం గుర్తు లేదు. ఫోటో అన్నా లేదు. ఎంత తలుచుకున్నా మొహం దగ్గరికొచ్చేసరికి నీళ్లే. మీరు చూసేరు కదండి. ఎలా ఉండేదండి మా అక్క?"

ఆ మాట వినేదాకా నాకు తట్టలేదు. ఇతను పద్దెనిమిదేళ్లుగా ఆ మొహాన్ని ఎత్తుకుని పెంచాడు. అన్నం తినిపించాడు, కసిరాడు, జడలేశాడు. అది ఎవరి మొహమో ఇతనికి తెలియదు. ఈ భూమ్మీద తెలిసినవాళ్లం మేం ముగ్గురమే. విజయ నా వంక చూసి, వద్దన్నట్టు తల ఊపింది. ఆమె ఆలోచన నాకు అందింది. ఈ రోజు వరకూ అతనికి ఒక కూతురుంది. మేం చెప్పాక ఆ కూతురు గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఎవరొస్తారు? చెప్పకుండా లేచిపోవచ్చు. చామనచాయ, పెద్ద కళ్లు, పొడుగు జడ అని చెప్పి, ఎవరికైనా సరిపోయే మొహం ఒకటి ఇచ్చి రావచ్చు. కానీ అతను అడిగింది నన్ను. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని అడుగుతున్న మనిషికి అబద్ధపు మొహం ఇవ్వడానికి నాకు నోరు రాలేదు.

"మీ దుర్గ లాగే ఉండేది బాబూ," అన్నాను. "లాగే కాదు. అదే మొహం. నిలబడ్డమూ అదే."

సత్తిబాబు విన్నాడు. వల మీద ఉన్న చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు. వెనక గుమ్మంలో గ్లాసుల చప్పుడైంది. ఆ పిల్ల టీ తెచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. మా మాట విందో లేదో తెలియదు. భారతి ఆగలేక, "చూడు బాబూ, వెనకే ఉంది," అంది.

"చూస్తానండి," అన్నాడు. మెడ కూడా తిప్పలేదు. "తొందరేముందండి. రోజూ చూసేదే కదా."

టీ తాగి లేచాం. వెళ్లొస్తామంటే తల ఊపాడు గానీ లేవలేదు. సినిమా చూస్తావా అని విజయ అడిగితే, ఎప్పుడన్నా చూస్తానన్నాడు. చేసింది మంచో చెడో నాకు ఇప్పటికీ తెలియదు. కారు గట్టు మలుపు తిరిగేటప్పుడు, దించిన కిటికీలోంచి వెనక్కి చూశాను. అతను అలాగే ఏటి వంక మొహం పెట్టి, వీపు బిగించి కూర్చుని ఉన్నాడు. వెనక గుమ్మంలో, చేతిలో అతని గ్లాసుతో, ఆ పిల్ల నిలబడి ఉంది.

"నాన్నా," అని పిలుస్తోంది. "ఇటు చూడు నాన్నా. టీ చల్లారిపోతోంది."